ఎవరి ఆయుష్షు గిట్టుబాటు?

గిట్టుబాటు అన్న మాట గోదావరి డెల్టాలో ఎవరికీ కొత్త కాదు. ఎకరానికి పెట్టిన పెట్టుబడి ఎంత, చేతికొచ్చిన ధాన్యం ఎంత, మిల్లరు ఇచ్చిన ధర ఎంత అన్నది ఇక్కడ ప్రతి దాళ్వాలో వినిపించే లెక్కే. అదే మాట ఇప్పుడు క్యాన్సర్ వార్డులోకి వచ్చింది. ఏ మందుకు ప్రభుత్వం డబ్బు చెల్లించాలి, ఏ చికిత్సను ఆరోగ్య పథకంలో చేర్చాలి, దేన్ని ఇంత ధరకు కొనలేమని పక్కన పెట్టాలి అన్న ప్రశ్నలకు జవాబు వెతికే యంత్రాంగం మన దేశంలో ఏర్పడింది. రోగుల దత్తాంశాన్ని కంప్యూటర్ నమూనాలోకి ఎక్కించి, ఒక్కొక్క ఏడాది ఆయుష్షు పెరగడానికి ఎంత ఖర్చవుతుందో పరిశోధకులు లెక్కగడుతున్నారు. విశ్వవిద్యాలయంలో సంఖ్యాశాస్త్రం బోధించే వ్యక్తిగా నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాను. ప్రజాధనానికి హద్దు ఉన్నప్పుడు లెక్క అవసరమే. మందుల కంపెనీ చెప్పిన ధరకు తలూపడం కంటే లెక్క వేసి బేరమాడడం మేలు. అయితే ఆ లెక్కలో కనిపించే 'సగటు రోగి'కి కులం లేదు, పేట లేదు, పోగొట్టుకున్న రోజు కూలి లేదు. కులం లేని సగటు మీద కట్టిన నిర్ణయం కులసమాజంలో తటస్థంగా ఉండదు. నా అభ్యంతరం ఇదే.

ముందు ఈ లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఆరోగ్య సాంకేతికతలను మదింపు చేసే వ్యవస్థ ఏర్పడింది. క్యాన్సర్ విషయంలో ఎక్కువ పని చండీగఢ్‌లోని పీజీఐ పరిశోధకులు చేస్తున్నారు. క్యాన్సర్ చికిత్స ఖర్చులు, రోగుల జీవన నాణ్యత మీద జాతీయ స్థాయి దత్తాంశ నిధిని కూడా వారి ఆధ్వర్యంలోనే రూపొందించారు. ఎక్కువగా వాడేది మార్కోవ్ నమూనా. వెయ్యిమంది ఊహాజనిత రోగులను తీసుకుంటారు. వ్యాధి అదుపులో ఉన్నవారు, వ్యాధి తిరగబెట్టినవారు, మరణించినవారు అని గదులు గీస్తారు. ప్రతి నెలా, లేదా ప్రతి ఏడాదీ, ఎంతమంది ఒక గదిలోంచి మరో గదిలోకి మారతారో సంభావ్యతల ప్రకారం కంప్యూటర్ నడిపిస్తుంది. పాత చికిత్సతో ఒకసారి, కొత్త చికిత్సతో ఒకసారి ఇలా జీవితకాలం నడిపించి, ఖర్చులో తేడాను ఆయుష్షులో తేడాతో భాగిస్తారు.

ఆ ఆయుష్షును కూడా ఉన్నదున్నట్టు లెక్కించరు. నొప్పితో మంచం పట్టిన ఏడాదిని, ఆరోగ్యంగా తిరిగిన ఏడాదిని ఒకే తూకం వేయలేం కదా! అందుకని నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, దిగులు అనే ఐదు అంశాల మీద రోగిని ప్రశ్నించి, ఆ ఏడాదికి సున్నా నుంచి ఒకటి దాకా విలువ కడతారు. మరణం కంటే దుర్భరమనిపించే స్థితులకైతే విలువ సున్నా కంటే దిగువకు కూడా పడిపోవచ్చు. ఈ విలువల పట్టిక మన దేశానికి 2022లో వచ్చింది. 5 రాష్ట్రాల్లో 3,548 మందిని అడిగి దాన్ని తయారుచేశారు. అలా తూచిన ఏడాదిని పరిశోధకులు 'క్వాలీ' అంటారు. ఒక క్వాలీకి అయ్యే అదనపు ఖర్చు దేశ తలసరి స్థూల ఉత్పత్తి కంటే, అంటే ఇప్పుడు రెండు లక్షల పైచిలుకు రూపాయల కంటే, తక్కువైతే చికిత్స గిట్టుబాటు. ఎక్కువైతే కాదు.

దీనివల్ల ప్రయోజనం ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకానికి వాడే ట్రాస్టుజుమాబ్ మందు మీద చండీగఢ్ పరిశోధకుల అధ్యయనం 2020లో వెలువడింది. అప్పటి ధరకు ఏడాది కోర్సు గిట్టుబాటు కాదని, ధర 15 నుంచి 35 శాతం తగ్గితే అవుతుందని, 9 వారాల పొట్టి కోర్సు గిట్టుబాటేనని అది తేల్చింది. ధర తగ్గించమని కంపెనీని అడగడానికి ప్రభుత్వం చేతికి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. కానీ ఆ మందు ఎంత మేలు చేస్తుందన్న అంకెలు విదేశాల్లో జరిగిన క్లినికల్ ట్రయల్స్ నుంచి వచ్చినవి. 9 వారాల కోర్సును మొదట పరీక్షించింది ఫిన్లండ్‌లో. హెల్సింకీలో ఒక స్త్రీ పొందిన మేలు అమలాపురం దగ్గరి లంకలో మరో స్త్రీకి అంతే అందుతుందా అన్న ప్రశ్నకు జవాబు మందులో లేదు, ఆమె ఆసుపత్రికి వెళ్లే దారిలో ఉంది.

ఒక చిన్న లెక్కతో దీన్ని వివరిస్తాను. ఇవి అసలు అంకెలు కావు, సులువుగా అర్థం కావడానికి నేను ఊహించినవి. ఒక చికిత్సకు అదనపు ఖర్చు 4 లక్షలు అనుకుందాం. గీత 2 లక్షల దగ్గర ఉందనుకుందాం. ఇద్దరు స్త్రీలు ఒకే దశలో ఆసుపత్రికి చేరారు. ఒకరు రాజమహేంద్రవరం పట్టణంలో జీతంతో సెలవు దొరికే ఉద్యోగి. నిర్ణీత వారాల్లో కోర్సు పూర్తిచేసి రెండున్నర క్వాలీలు పొందారు. ఆమెకు క్వాలీ 1.6 లక్షలు, గిట్టుబాటు. రెండో ఆమె భూమిలేని దళిత వ్యవసాయ కూలీ. మధ్యలో విరామాలతో అదే కోర్సు పూర్తిచేసి ఒకటింబావు క్వాలీలు పొందింది. ఆమెకు క్వాలీ 3.2 లక్షలు, గిట్టుబాటు కాదు. మందు అదే, ధర అదే. సగటు తీస్తే 2.13 లక్షలు. గీత దాటింది కనుక ఇద్దరికీ చికిత్స రద్దు. ఉద్యోగి అప్పో సప్పో చేసి సొంత ఖర్చుతో చికిత్స తెచ్చుకుంటుంది. కూలీకి ఆ దారి కూడా లేదు.

ఇప్పుడు అదే నమూనాలో ఇంకొక ప్రశ్న వేద్దాం. ఆ కూలీకి రానుపోను చార్జీలు, ఆసుపత్రి దగ్గర బస, పోయిన కూలికి పరిహారం కలిపి 50 వేలు ఇస్తే, ఆమె కూడా వేళకు కోర్సు పూర్తిచేసి రెండుంబావు క్వాలీలు పొందిందనుకుందాం. మొత్తం ఖర్చు 4.5 లక్షలు, క్వాలీకి 2 లక్షలు. చికిత్స గీత లోపలికి వచ్చింది. ఆ 50 వేల రూపాయలు విడిగా తెచ్చింది ఒక పూర్తి క్వాలీ. అంటే ఈ లెక్క మొత్తంలో అన్నిటికంటే గిట్టుబాటైనది మందు కాదు, బస్సు చార్జీ, బస, కూలి. ఈ ప్రశ్నను నమూనాలో చేర్చితేనే జవాబు వస్తుంది. 'చికిత్స' అంటే ప్యాకేజీలో రాసింది మాత్రమే అనుకున్నంత కాలం ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

విరామాలు నిజంగా అంత నష్టం చేస్తాయా? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే చూడండి. ముదిరిన దశలో దీనికి కీమోతో పాటు రేడియేషన్ ప్రధాన చికిత్స. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు, 25 సిట్టింగులు, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. ఇదంతా 8 వారాల్లో ముగియాలన్నది వైద్యశాస్త్రం స్థిరపరచిన సూత్రం. ఆలస్యమయ్యే కొద్దీ కణితి మీద పట్టు తగ్గుతుంది. అన్ని సిట్టింగులూ పూర్తయినా సరే, గడువు దాటితే ఫలితం వేరు.

ఇప్పుడు ఆ 8 వారాలను డెల్టా పటం మీద పెట్టండి. రేడియేషన్ యంత్రాలు పట్టణాల్లో, వాటి శివార్లలో ఉంటాయి. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య లంక గ్రామాల నుంచి రోజూ రావడం మామూలు రోజుల్లోనే కష్టం. జూలై, ఆగస్టు వరదల్లో కనకాయలంక వంటిచోట కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. ఆ నెలలే నాట్ల కాలం. ఏడాదిలో కాస్త గట్టిగా కూలి దొరికే రోజులు అవే. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి తూర్పు గోదావరి జనాభాలో షెడ్యూల్డ్ కులాలవారు సుమారు 18 శాతం, పశ్చిమ గోదావరిలో సుమారు 20 శాతం. కాలువల నీరు పారిన డెల్టాలో భూమి ఎవరి పేరున ఉంది, నాట్లలో నడుము ఎవరు వంచుతారు అన్నది ఈ పేజీ పాఠకులకు వివరించనక్కర్లేదు. అందుకే రేడియేషన్ సిట్టింగు తప్పడం వ్యక్తిగత నిర్లక్ష్యం కాదు. భూమి పంపిణీకి అది ఆసుపత్రి రిజిస్టరులో పడిన నీడ.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు చెబుతారు. కణితికి కులం తెలియదు, పేదరికం అన్ని కులాల్లోనూ ఉంది, ఆదాయం కొలిస్తే చాలు కదా అంటారు. కణితికి కులం తెలియదన్నది నిజమే. అది బయటపడే వేళకు మాత్రం కులం తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. ఇంత తక్కువమందికి అందే సేవ ముందు ఎవరికి అందుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకే ఆదాయం ఉన్న రెండు కుటుంబాల్లో ఒకదానికి పట్టణంలో దించుకునే బంధువు ఉండవచ్చు, ఆసుపత్రిలో పలకరించే పరిచయం ఉండవచ్చు, పొలం తనఖా పెట్టుకునే వీలుండవచ్చు. రెండోదానికి అవేవీ లేకపోవచ్చు. ఆదాయం ఒక్కటే కొలిస్తే ఈ తేడా దొరకదు. కులం కొలిచాక ఆదాయం కూడా కొలుద్దాం. రెండూ ఉంటే ఏది ఎంత పని చేస్తోందో విడదీసి చూడవచ్చు. ఒకటి లేకుండా చేసి, దాని ప్రభావం లేదని చెప్పడం మాత్రం శాస్త్రం కాదు.

జీవన నాణ్యత కొలతలోనూ ఇదే చిక్కు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేశాక కొందరికి చేయి వాచిపోతుంది. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి అది ఇబ్బంది, నాట్లు వేసే స్త్రీకి జీవనోపాధి పోవడం. 'రోజువారీ పనుల్లో కొంత కష్టం' అన్న గడిలో ఇద్దరూ టిక్కు పెట్టవచ్చు. పట్టిక ఇద్దరికీ ఒకే విలువ ఇస్తుంది. పోయిన పనిదినాలను కూలి రేటుతో గుణించే పద్ధతి వాడితే ఇంకా అన్యాయం. కూలి తక్కువ కనుక ఆమె నష్టం కూడా తక్కువని తేలుతుంది. సమాజం తక్కువ కూలి ఇచ్చిన మనిషికి లెక్క కూడా తక్కువ విలువ ఇస్తుందన్నమాట.

మరి కులం వారీగా చూడడానికి దత్తాంశం ఉందా? ఉంది. 2007లో మూడు జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా విస్తరించిన రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత పేర్లు మారుతూ నేటి ఎన్టీఆర్ వైద్య సేవ దాకా, తెలుగు నేల మీద పేదల వైద్యానికి అతిపెద్ద రికార్డు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహిరంగంగా విడుదల చేసిన 2013-17 నాటి వైద్య సేవ దత్తాంశంలో సుమారు 4.8 లక్షల వరుసలున్నాయి. వయసు, లింగం, గ్రామం, మండలం, చికిత్స, ఆసుపత్రి, అనుమతించిన సొమ్ము, చెల్లించిన సొమ్ము, డిశ్చార్జి తేదీ, మరణం సంభవిస్తే ఆ తేదీ అన్నీ ఉన్నాయి. వాటితో పాటు కులం అనే గడి కూడా ఉంది. మెడికల్, సర్జికల్, రేడియేషన్ ఆంకాలజీ కేసులు అందులోనే ఉన్నాయి. ఏ మండలంలో ఏ వర్గం వారు ఏ క్యాన్సర్‌కు ఎంత దూరం వెళ్లారో చూడడానికి ప్రభుత్వం కొత్త సర్వే చేయనక్కర్లేదు. తన దగ్గరున్న గడిని తెరిచి చూస్తే చాలు.

ఆ రికార్డుకు లోపాలున్నాయి. అది బిల్లుల కోసం పుట్టింది. వ్యాధి ఏ దశలో బయటపడిందో, సిట్టింగుల మధ్య ఎన్ని రోజులు పోయాయో, ఇంటికి వెళ్లాక ఏడాదికి మనిషి ఉన్నారో లేరో అందులో తెలియదు. ఆసుపత్రి గడప తొక్కకుండా చనిపోయినవారు అసలు కనిపించరు. కులం గడి కూడా మొరటుది: ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ, మైనారిటీ. ఎస్సీ అంతా ఒకే ముద్ద కాదని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గుర్తించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 15 శాతం రిజర్వేషన్‌ను రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతంగా వర్గీకరించింది. ఉద్యోగాల దగ్గర గుర్తించిన తేడాను ఆసుపత్రి దగ్గర ఎందుకు చూడకూడదు? పారిశుద్ధ్య పనిలో బతుకు గడిపే రెల్లి కార్మికుడికి, ఏజెన్సీలోని కొండరెడ్డి స్త్రీకి, సముద్రపు ఒడ్డున అగ్నికుల క్షత్రియ మత్స్యకారుడికి క్యాన్సర్ దారి ఒకటే అని ఏ సగటు చెప్పగలదు?

అయితే కులం గడి తెరవమని అడిగేవారు దాని ప్రమాదాన్ని కూడా చెప్పాలి. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగరు. చిన్న గ్రామంలో 46 ఏళ్ల ఎస్సీ స్త్రీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఫలానా తేదీ అని వరుస ఉంటే ఆమె ఎవరో దళితపేటలో అందరికీ తెలుస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు రేషన్ కార్డు ఉన్నవారికీ వర్తిస్తుంది. పైగా గోదావరి తీరానికి ఈ విషయంలో చేదు జ్ఞాపకం ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మక ప్రాజెక్టు కింద సుమారు 14 వేలమంది బాలికలకు ఇచ్చారు. వారిలో వసతిగృహాల్లో చదివే గిరిజన బాలికలు ఎందరో. సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా విలువ వేరు, దాన్ని ఇచ్చిన తీరు వేరు. మంచి ఉద్దేశం పేరుతో అడగకుండా తీసుకుంటే, రేపు నిజంగా మేలు చేసే టీకా వచ్చినా జనం నమ్మరు. దత్తాంశం విషయంలోనూ అంతే.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. వైద్య సేవ ట్రస్టు క్యాన్సర్ రికార్డులో మూడు గడులు కొత్తగా చేర్చాలి: వ్యాధి బయటపడిన దశ, చికిత్స మొదలైన, ముగిసిన తేదీలు, ఏడాది తర్వాత స్థితి. చివరిదాన్ని ఆశా కార్యకర్త ఒక్క పలకరింపుతో నింపగలదు, ఆ పనికి ఆమెకు తగిన సొమ్ము చెల్లిస్తే. వ్యక్తిగత వరుసలు బయటికి వదలకుండా, కులం, మండలం వారీ మొత్తాలను ఏటా ప్రచురించాలి. సూక్ష్మ దత్తాంశం కావలసిన పరిశోధకులకు కట్టుదిట్టమైన నిబంధనల మీద ఇవ్వాలి. ఆ అనుమతులిచ్చే సంఘంలో దళిత, ఆదివాసీ, బహుజన సమాజాల ప్రతినిధులు ఓటు హక్కుతో కూర్చోవాలి.

నమూనాలు కట్టేవారిని అడగవలసినవి రెండు. ప్రతి చికిత్సనూ సగటుతో పాటు సామాజిక వర్గాల వారీగా కూడా నడిపి ఫలితాలు చూపాలి. ప్రయాణం, బస, కూలి పరిహారం కలిపిన చికిత్సను వేరే మార్గంగా పోల్చాలి. ఇది కొత్త కోరిక కాదు. ప్రయోజనం ఎవరికి ఎంత చేరుతోందో చూపే లెక్కను ఇంగ్లండ్‌లో యార్క్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు కొన్నేళ్లుగా అభివృద్ధి చేస్తున్నారు. సమానత్వాన్ని పరిశీలించాలని మన దేశపు మదింపు మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇచ్చే ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019లోనే మొదలుపెట్టింది. కూలి పోవడం కూడా చికిత్స ఖర్చేనన్న సూత్రాన్ని ప్రభుత్వం అప్పుడే ఒప్పుకుందన్నమాట. ఇక కావలసింది దాన్ని 8 వారాల రేడియేషన్‌కు విస్తరించి, ఎంత ఆయుష్షు పెరిగిందో కొలవడమే.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటి ఉంది. వర్గాల వారీ లెక్క తీశాక, ఫలానా కులంవారికి ఈ చికిత్స వల్ల మేలు తక్కువ, కాబట్టి వారికి అక్కర్లేదు అని ఎవరూ అనడానికి వీల్లేదు. మేలు తక్కువగా తేలిన చోట అడ్డంకి ఏమిటో వెతకాలన్నదే ఆ అంకెకు ఏకైక అర్థం కావాలి. ఈ షరతు రాతపూర్వకంగా లేకపోతే, న్యాయం కోసం తెరిచిన గడే కోతకు కత్తి అవుతుంది. 2023 డిసెంబర్‌లో పథకం పరిమితి 25 లక్షలకు పెరిగింది. బీమా సంస్థలను కలుపుకొని నడిపే కొత్త విధానానికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పరిమితులు పెరిగే కొద్దీ, బీమా సంస్థలు వచ్చే కొద్దీ, ఏది గిట్టుబాటు అన్న ప్రశ్న మరింత గట్టిగా వినిపిస్తుంది. జవాబు చెప్పే నమూనాల్లో మనం ఇప్పుడే లేకపోతే రేపు ప్యాకేజీల్లోనూ ఉండం.

నన్నయ విశ్వవిద్యాలయంలో, కాకినాడ జేఎన్‌టీయూలో, ఇతర క్యాంపస్‌లలో సంఖ్యాశాస్త్రం, ఆర్థికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న దళిత బహుజన విద్యార్థులకు నాదొక మాట. మార్కోవ్ నమూనా కట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. కులగణన కోసం మన ఉద్యమాలు దశాబ్దాలుగా పోరాడాయి. తలలు లెక్కపెట్టించుకోవడం దాని మొదటి మెట్టు, ఆ తలలు ఎన్నేళ్లు బతుకుతున్నాయో లెక్కపెట్టడం రెండోది. ఆ రెండో లెక్కను మన వాళ్లే వేయాలి. సిట్టింగు ఎందుకు తప్పిందో తెలిసినవారి చేతుల్లోనే ఆ సంభావ్యతలు సరిగ్గా పడతాయి.